నిలుచుట, నిలుపుట

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో గండిపేటలో చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు. 2012లో హైదరాబాదులో కన్నుమూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖను నెలకొల్పినవారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 1986 నుంచి 1993 వరకు ఉపకులపతిగా ఉన్నవారు, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రపంచ విద్వత్తు ముందుంచినవారు. ఇవన్నీ సభికులకు తెలిసినవే. ఆయనకు అంతర్జాతీయ కీర్తి తెచ్చిన తొలి గ్రంథం 1961లో వెలువడింది. దాని విషయం తెలుగు క్రియాధాతువులు. అంత పెద్ద పండితుడు తన పరిశోధనను నామవాచకాలతో కాక క్రియలతో మొదలుపెట్టాడన్నది ఆలోచించదగిన సంగతి. ఆయన స్మృతికి తగిన నివాళి ఒక క్రియను పట్టుకొని చివరిదాకా పోవడమేనని నాకు తోచింది. అందుకే ఈనాటి ప్రసంగానికి ఒక్క క్రియనే ఎంచుకున్నాను.

ఇంగ్లిషులో కీప్ అనే మాట ఉంది. ఆరో తరగతి పిల్లలకు కూడా తెలిసినదే. దాన్ని తెలుగులోకి తేబోతే మనకు పది క్రియలు కావలసివస్తాయి. పుస్తకాన్ని బల్ల మీద ఉంచుతాం. డబ్బు దాస్తాం. మాట నిలుపుకుంటాం. కుక్కను పెంచుతాం. దుకాణం నడుపుతాం. దినచర్య రాస్తాం. నియమం పాటిస్తాం. చేనికి కావలి కాస్తాం. ఎండాకాలం పాలు నిల్వ ఉండవంటాం. పిల్లవాడు పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉన్నాడంటాం. ఇన్నింటికీ వాళ్లకు ఆ ఒక్క మాటే సరిపోతుంది.

ఆ మాట పుట్టుక ఇంగ్లిషు నిఘంటుకారులకే అంతుచిక్కలేదు. జర్మానిక్ కుటుంబంలోని సోదర భాషల్లో దానికి తోబుట్టువులు కనిపించవు. వెయ్యేళ్ల కిందటి వాడుకలో దాని అర్థాలు కనిపెట్టుకొని ఉండడం, లక్ష్యపెట్టడం, పట్టుకోవడం. చూసుకోవడం మెల్లగా కాపలా అయింది. కాపలా దగ్గర ఉంచుకోవడమైంది. చివరికి ఒక పనిని మానకుండా చేస్తూ పోవడమైంది. కోట నడుమ ఉండే బలమైన బురుజుకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. అంటే ఆ భాషలో కొనసాగడమనే భావం కావలి కాసే మనిషి నుంచి పుట్టింది.

మనం ఆ మాటను అరువు తెచ్చుకున్నాం కూడా. గేట్ కీపర్, స్టోర్ కీపర్, వికెట్ కీపర్ తెలుగు మాటలంత మామూలైపోయాయి. ఇదే మండలంలో పుట్టగొడుగుల్లా లేచిన గాజు భవనాల్లో నేల తుడిచే స్త్రీల ఉద్యోగానికి హౌస్ కీపింగ్ అని పేరు. పెళ్లి లేకుండా ఒకడి పోషణలో ఉన్న స్త్రీని ఈసడిస్తూ కీప్ అనడం కూడా మన ఊళ్లలో వింటాం. దానికి ముందే తెలుగులో ఉంపుడుగత్తె ఉంది. రెండు భాషలూ ఒకే అన్యాయాన్ని ఒకే రూపకంతో చెప్పాయి. ఉంచుకున్నవాడు కర్త, ఉండిపోయినది కర్మ. నింద మాత్రం కర్మకే మిగిలింది. ఈ క్రియ లోకం అనుకున్నంత అమాయకమైనది కాదు.

ఇక మన క్రియ దగ్గరికి వస్తాను. నిలుచు అనే మాటకు మూలం ద్రావిడ భాషల్లో చాలావాటికి ఉమ్మడి ఆస్తి. తమిళం, కన్నడం, మలయాళం ఆ ధాతువుతోనే నిలబడతాయి. తెలుగులో దాని సంతతి చాలా పెద్దది. నిలువు, నిలకడ, నిల్వ, నిలుపుదల, నిలబడు, నిలబెట్టు, నిలదీయు. ఈ సంతతిలో ఒక విచిత్రం ఉంది. రైలు దారిలో నిలిచిపోయింది అంటే ఆగిందని అర్థం. ఆయన పేరు చరిత్రలో నిలిచిపోయింది అంటే ఆగలేదని అర్థం. బండిని నిలుపు అన్నా, మాటను నిలుపు అన్నా అదే క్రియ. ఒకచోట కదలిక ముగిసింది, మరోచోట కాలం దాన్ని కదల్చలేకపోయింది. నీటి విషయంలో ఈ విచిత్రం మరీ స్పష్టం. నిల్వ నీరు అంటే దోమలకు నెలవు, ముక్కు మూసుకోవలసింది. మాటలను అటుదిటు చేసి నీటి నిల్వ అనండి, అది ఊరికి ప్రాణాధారం. నీరు రెండుచోట్లా నిలిచే ఉంది. ఒకచోట అది దిక్కులేక నిలిచింది, రెండోచోట దాన్ని ఎవరో నిలిపారు.

నా ప్రసంగానికి మూలమైన భేదం ఇదే. తెలుగు క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. ఆగు, ఆపు. నడుచు, నడుపు. పెరుగు, పెంచు. తిరుగు, తిప్పు. నిలుచు, నిలుపు. జరిగినదానికి ఒక క్రియ, జరిపించినవారికి మరొకటి. ఈ జంటల నిర్మాణాన్ని శాస్త్రీయంగా విప్పి చూపినవారిలో భద్రిరాజు వారిది ముందు వరుస. ఇంగ్లిషు కీప్ పాలు చెడకుండా ఉండడానికీ, పాలను చెడకుండా ఉంచడానికీ ఒక్కటే. మన భాష ఆ రెంటినీ వేరు చేసి మన చేతిలో పెట్టింది. మనమే మన ప్రజాజీవితంలో మొదటి క్రియతో కాలక్షేపం చేస్తూ రెండోదాన్ని మరిచాం. గుడి నిలిచింది అంటాం, చెరువు నిలిచింది అంటాం, భాష నిలిచింది అంటాం. ఎవరు నిలిపారు, ఎంత ఖర్చుకు, ఎవరి ఖర్చుకు అన్న ప్రశ్న ఆ వాక్యంలో పట్టదు.

కొనసాగు అనే మరో క్రియను గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు దాన్ని ముగియకుండా పోతూ ఉండడానికి వాడుతున్నాం. పాత వాడుకలో కొనసాగడమంటే కొనదాకా సాగడం, నెరవేరడం. ఈ ప్రాంతపు పలుకుబడిలో ఆ మాట అంతగా వినిపించదు. చేవెళ్ల రైతు చేసుకుంటనే ఉన్న అంటాడు, నడుసుకుంట పోయిండు అంటాడు. కోస్తా జిల్లాల్లో చేస్తూ అనేచోట ఇక్కడ చేసుకుంట అంటారు. ఆ కుంటలో కొను దాగి ఉంది. అలసినా ఆగని పనిని ఈ మాండలికం తన మీదికి తీసుకొని చెబుతుంది. చిలుకూరు బాలాజీ గుడిలో ఈ వ్యాకరణం కళ్లకు కనిపిస్తుంది. మొక్కుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఒకటి నుంచి 108 వరకు అంకెలు అచ్చువేసిన కాగితం చేతపట్టుకొని, చుట్టుచుట్టుకూ ఒక అంకె కొట్టేసుకుంటూ జనం నడుస్తారు. హుండీ లేని గుడి అది. అక్కడ సమర్పించుకునేది తిరగడమనే క్రియ ఒక్కటే.

మనిషి పోయాక కూడా నిలిచేవి ఏవని మన పూర్వులు ఆలోచించి సప్తసంతానాలు అన్నారు. కొడుకు, చెరువు, కావ్యం, నిక్షేపం, గుడి, తోట, అగ్రహారం. ఈ జాబితాను మనం పుణ్యకార్యాల పట్టికగా చదువుతాం. నిలుపుట అన్న కోణం నుంచి చదివితే మరొకటి కనిపిస్తుంది. పాతిపెట్టిన నిక్షేపం ఒక్కటి మినహా మిగతా ఆరూ ఎవరో ఒకరు పూనుకొని చూసుకుంటే తప్ప ఒక తరం దాటవు. కావ్యాన్ని తాటాకు మీద తిరిగి తిరిగి ఎత్తిరాసే లేఖకుడు కావాలి. తోటకు నీరు పోసేవాడు కావాలి. చెరువు సంగతి చెప్పనే అక్కరలేదు. నిక్షేపం ఎవరి కంటా పడకుండా ఉన్నంతకాలమే నిలుస్తుంది, అంటే ఎవరికీ పనికిరాకుండా ఉన్నంతకాలం.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పారు. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీటి నది, కట్టను ఆనించడానికి కొండలు, నిడుపైన రాళ్లు దొరికే గని, పని తెలిసిన కూలీలు, ఇలా సాగుతుంది ఆ పట్టిక. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చౌడు నేల ఒకటి, రెండు రాజ్యాల ఎల్లల మీద ఉండడం మరొకటి. ఈ చివరిది రాసినవాడి లోకజ్ఞానానికి నమస్కరించాలి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెప్పారు. ఇంత వివరంగా రాసిన శాసనంలో చెరువును చూసుకునే మనిషికి మాత్రం పన్నెండు అంగాల్లో చోటు లేదు. అందరూ కట్టేవారే. చెరువు ఈనాటికీ ఉంది. ఆరున్నర శతాబ్దాలపాటు దాని పూడిక తీసినవారు, గండి పూడ్చినవారు శాసనంలో లేరు, ఉండడానికీ వీల్లేదు. రాళ్లు కట్టిననాటి సంగతే చెబుతాయి.

అయితే ఆ కాలం ఈ పనిని పూర్తిగా మరిచిందని కూడా అనలేం. చెరువు మరమ్మతు చూసేవారికి భూమి ఇచ్చే దశబంధం వంటి ఏర్పాట్లు ఉన్నాయి. తెలంగాణ గ్రామాల్లో నీరడి ఉన్నాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో, ఎప్పుడు మూయాలో అతనికి తెలుసు. వానాకాలం కట్ట మీద ఎలుక బొక్క కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా మట్టి మెత్తేవాడు. మత్తడి దుంకుతున్నదన్న, అంటే చెరువు నిండి అలుగు పారుతున్నదన్న కబురు ఊరికి మోసుకొచ్చేవాడూ అతడే. ఆ కబురుకు ఊరంతా సంబరపడేది. పంట మీద గింజల రూపంలో అతనికి ముట్టేది తక్కువ, కులం మెట్ల మీద అతని చోటు ఇంకా తక్కువ. నిలుపుట అన్న క్రియకు మన సమాజం కర్తలుగా ఎవరిని పెట్టిందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ సభ జరుగుతున్న చోటికి వద్దాం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఈ దారినే హైదరాబాదుకు పోతుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నది నగరాన్ని ముంచింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారని ఈనాటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన వరదకు కారణాలు వెతుకుతూ నది పరీవాహక ప్రాంతంలోని చెరువులను లెక్కించారు. మొత్తం 788. చదరపు మైలుకు దాదాపు ఒకటి. ఆ వరదలో వాటిలో 221 తెగిపోయాయి.

ఈ రెండు అంకెల దగ్గర కాస్త ఆగాలి. మూసీ వరద అనగానే మనకు ఆకాశం గుర్తుకొస్తుంది. కుండపోత వాన నిజమే. ఒక్కో చెరువు తెగి, ఆ నీరు కిందిచెరువు మీద పడి, దాని కట్ట తెంచి, అలా గొలుసు తెగినట్టు వచ్చిన నీరు కూడా నిజమే. నగరం మీదికి వచ్చినదాంట్లో ఒక భాగం నిలపవలసినచోట నిలవని నీరు. ఆ చెరువులు తెగిన ఊళ్లు మీ ఊళ్లే, మీ పక్క ఊళ్లే. చరిత్ర పుస్తకాలు నగరాన్ని గురించి రాశాయి, తెగిన ఆ 221 చెరువుల కట్టల గురించి ఎవరూ వేరే అధ్యాయం రాయలేదు.

విశ్వేశ్వరయ్య సూచన మేరకు మూసీ మీద ఇక్కడ ఆనకట్ట లేచింది. 1920 నాటికి పూర్తయింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో ఉస్మాన్‌సాగర్ అయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. ప్రభుత్వ కాగితాల్లో ఉస్మాన్‌సాగరే అయినా జనం నోట ఇది గండిపేట చెరువే. పేరులోనే గండి ఉన్న ఊరు నగరానికి కట్ట అయింది. వరదను ఆపడానికి కట్టినది నగరపు దప్పిక కూడా తీర్చింది. పూర్తి మట్టం 1790 అడుగులు, నిల్వ దాదాపు 3.9 టీఎంసీలు. మోటార్లు లేకుండా వాలు మీదనే నీరు ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి పోయేట్టు కాలువ కట్టారు. గండిపేట నీళ్లు తాగిన వాళ్లమని పాత నగరంవాళ్లు గర్వంగా చెప్పుకున్నది ఈ నీళ్ల గురించే.

నూరేళ్లు దాటింది. ఈ కట్ట దానంతట అది నిలిచిందని నేను నమ్మను. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పరిశ్రమలకూ పెద్ద నిర్మాణాలకూ అడ్డుకట్ట వేసింది. 2000లో సుప్రీంకోర్టు ఆ రక్షణ పక్షానే నిలబడింది. దాదాపు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. నగరంలో కూర్చొని ఆ ఉత్తర్వును పొగడడం తేలిక. ఈ సభలో కూర్చున్నవారిలో చాలామంది ఇళ్లలో దాని మాట వేరుగా వినపడి ఉంటుంది. బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్మబోతే ధర పలకలేదు, పొలంలో గది కట్టబోతే అనుమతి రాలేదు. ఇదే గండిపేట మండలంలోని కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. గట్టుకు అటువైపు ఆ ధర, ఇటువైపు ఆంక్ష. నగరానికి నీరు నిలిపినవారు ఈ 84 గ్రామాల రైతులు. పాతికేళ్లకు పైగా ఆ పనికి వారికి ఎవరూ కూలి లెక్కకట్టలేదు.

నగరానికి ఇప్పుడు మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ చెరువుతో పనేముందన్న వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. నా అభిప్రాయం దాచుకోను. ఆంక్ష ఎత్తివేయడం తప్పు. ఆంక్ష భారాన్ని రైతు ఒక్కడి నెత్తిన వదిలేయడం అంతకు ముందునుంచీ జరిగిన తప్పు. రెండో తప్పును దిద్దకుండా వదిలేసినందుకే మొదటిదానికి జనం మద్దతు దొరికింది. చెరువు నిలవాలంటే దాన్ని నిలుపుతున్న ఊళ్లకు నగరం ఏటేటా చెల్లించాలి. నీరడికి గింజలు కొలిచినట్టే కొలవాలి, ఈసారి కొలత నిండుగా ఉండాలి.

అప్ప జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండువైపులా నిలిచిన తొమ్మిదివందలకు పైగా మర్రుల సంగతి కూడా ఇలాంటిదే. వెడల్పు పనుల్లో అవి పోతాయన్నప్పుడు పౌరులు హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టి ఏళ్లకేళ్లు పోరాడారు. మర్రి ఊడలు దించుకొని తన్ను తాను నిలుపుకుంటుందనుకుంటాం. ఈ మర్రులను మాత్రం కాగితాలు పట్టుకొని కోర్టుల చుట్టూ తిరిగిన మనుషులు నిలిపారు. నిలదీయడం కూడా నిలుచు సంతతిలోనిదేనని మరిచిపోకూడదు.

చివరగా భాష. భద్రిరాజు కృష్ణమూర్తి గారి కృషిలో క్రియాధాతువుల గ్రంథం ప్రపంచానికి తెలిసింది. నా దృష్టిలో అంతటి ఘనమైనది మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించింది. విశ్వవిద్యాలయ గదిలో కూర్చొని రాసిన పుస్తకాలు కావవి. ఊరూరా తిరిగి, రైతునూ నేతగాడినీ కూర్చోబెట్టుకొని, ఈ పనిముట్టును ఏమంటారు, ఈ భాగాన్ని ఏమంటారు అని అడిగి రాసుకున్నవి. మోటబావి చుట్టూ ఉన్న మాటలు, కాడి, మేడి చుట్టూ ఉన్న మాటలు వాటిలో భద్రంగా ఉన్నాయి. మోట పోయింది. మోట మాటలు పుస్తకంలో నిల్వ ఉన్నాయి, నోట నిలవలేదు. ఆయన ఆ పని చేయకపోయి ఉంటే నిల్వ కూడా ఉండేది కాదు. మాట ఎక్కడ ఎవరు అన్నారో తెలియకుండా పోతే దాన్ని తిరిగి నిలపడానికి ఎవరికీ ఆధారం దొరకదు.

ఈ ప్రాంతంలో నీటి మాటలు ఇప్పుడు ఆ అంచున ఉన్నాయి. చెరువు లోపలి నేలను చెప్పే శిఖం అన్న మాట భూముల తగాదా పత్రాల్లో మాత్రమే మిగిలింది. కాలువకు, పిల్లకాలువకు, మత్తడి కింది నేలకు, చెరువు ఎండినప్పుడు వేసే పంటకు ఊరూరికీ మారే పేర్లు ఉన్నాయి. అవి తెలిసినవారు డెబ్బై దాటినవారు. వారి మనవలు మీ తరగతుల్లో కూర్చుంటున్నారు.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈ వేసవి సెలవుల్లో మీ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత మీ ఊరి చెరువు మాటలు సేకరింపజేయండి. ప్రతి మాట పక్కన అర్థం, చెప్పినవారి ఊరు, వారు చేసిన పని రాయించండి. తూము చూసినవారిని, పూడిక మట్టి మోసిన స్త్రీలను ముందు అడగమనండి, పటేళ్లను తరువాత. ప్రతులు రెండు తీయించి ఒకటి బడిలో, ఒకటి గ్రామ పంచాయతీలో ఉంచండి. 84 గ్రామాల్లో పది గ్రామాల నుంచి వచ్చినా వాటిని కూర్చి పుస్తకంగా సిద్ధం చేసే బాధ్యత నేను తీసుకుంటాను.